ట్యాంకరు నీళ్ళు ఐదు వేల లీటర్లేనా? అడుగులు, లీటర్లు, గ్యాలన్ల లెక్క తెలిసినవారు చెప్పండి

కొత్తిల్లు దేవరకొండ

దేవరకొండ దగ్గర ఇల్లు కట్టుకుంటున్నాము. బోరులో నీళ్ళు అడుగంటాయి. స్లాబు తడపడానికి ట్యాంకర్లు కొనక తప్పడం లేదు. తెచ్చే ఆయన ఐదు వేల లీటర్ల ట్యాంకరు అంటాడు, ఆ లెక్కకే డబ్బు తీసుకుంటాడు. నాకు అనుమానం వచ్చి నిన్న సంపును పూర్తిగా ఖాళీ చేయించి, ట్యాంకరు మొత్తం అందులోకి దింపించాను. సంపు లోపలి కొలత ఏడడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు. నీరు నాలుగడుగులు లేచింది. ఇది ఐదు వేల లీటర్లకు సరిపోతుందా? అడుగుల కొలతను లీటర్లలోకి ఎలా మార్చాలో కాస్త వివరంగా చెప్పండి. ఆయనతో మాట్లాడే ముందు లెక్క నా చేతిలో ఉండాలి.

లెక్కల సార్ జడ్చర్ల

ఖాళీ సంపులో దింపి కొలవడం చాలా మంచి పని. ఇంతకంటే గట్టి రుజువు ఉండదు.

అడుగు అంటే 30.48 సెంటీమీటర్లు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు ఉన్న పెట్టెలో 30.48ని మూడుసార్లు గుణిస్తే వచ్చేన్ని ఘన సెంటీమీటర్లు పడతాయి, అంటే 28,317. లీటరుకు వెయ్యి ఘన సెంటీమీటర్లు కాబట్టి ఒక ఘనపుటడుగు 28.317 లీటర్లు. రోజువారీ పనికి 28.3 చాలు.

మీ సంపులో 7 × 5 × 4 = 140 ఘనపుటడుగులు. దాన్ని 28.317తో గుణిస్తే 3,964 లీటర్లు. ఐదు వేలు రావాలంటే నీరు ఐదడుగుల పైన ఇంకో అర అంగుళం లేవాలి. మీకు వెయ్యి లీటర్లకు పైగా తక్కువ వచ్చింది.

మీ సంపు కొలత ఒక విధంగా కలిసివచ్చింది. ఏడు ఐదుల ముప్పై అయిదు, అంటే ప్రతి అడుగు నీటికి 991 లీటర్లు. అడుగుకు వెయ్యి అని పట్టుకుంటే చాలు. సంపు గోడ మీద అడుగడుగుకు ఒక గీత, మధ్యలో అరడుగు గీత రంగుతో వేయించండి. ఇక ముందు టేపుతో పని ఉండదు.

మీటర్లలో కొలిచేవారికి ఇంకా తేలిక. మూడు కొలతలను గుణించి వెయ్యితో హెచ్చవేస్తే నేరుగా లీటర్లు. ఘనపు మీటరుకు వెయ్యి లీటర్లు.

బోరు మెకానిక్ అచ్చంపేట

అన్నా, సార్ చెప్పిన సంపు లెక్క సరిగ్గా ఉంది. కానీ ట్యాంకరు ఆయన "మీ సంపు లీకవుతోంది, నీళ్ళు భూమిలోకి పోయాయి" అనవచ్చు. అందుకని ట్యాంకరును కూడా కొలవండి. చాలా ట్యాంకర్ల ముఖం కోడిగుడ్డులా అడ్డంగా సాగిన గుండ్రం. ముఖం వెడల్పు ఎంత, ఎత్తు ఎంత, ట్యాంకు పొడవు ఎంత, ఈ మూడూ అడుగుల్లో కొలిచి గుణించండి. వచ్చిన దాన్ని 0.785తో, మళ్ళీ 28.3తో గుణించండి. చక్రాలు, ముందున్న కొక్కెం కలపకూడదు, డబ్బా మాత్రమే.

ఇంకో సంగతి. ట్యాంకరు పైమూత తీసి లోపలికి చూడండి. పై అంచుకు జానెడు తక్కువగా నింపి తెచ్చేవారు ఉన్నారు. అడ్డంగా పడుకున్న గుండ్రపు ట్యాంకులో ఎత్తుతో సమానంగా నీరు ఉండదు. నాలుగో వంతు ఎత్తులో ఉన్నది నాలుగో వంతు నీరు కాదు, దాదాపు 20 శాతమే. మూడు వంతుల ఎత్తు దాకా ఉంటే 80 శాతం ఉన్నట్టు. సరిగ్గా సగంలో మాత్రమే సగం. డీజిల్ ట్యాంకుల్లో కర్ర ముంచి చూసేవారికి ఇది బాగా తెలుసు. అందుకే ఆ కర్ర మీద గీతలు సమాన దూరంలో ఉండవు.

కొత్తిల్లు దేవరకొండ

ఈ ఉదయం ట్యాంకరు రాగానే టేపు పట్టాను. పొడవు 9 అడుగులు, వెడల్పు 5, ఎత్తు 4. లెక్క వేస్తే 141 ఘనపుటడుగులు, నాలుగు వేల లీటర్లు. సంపు లెక్కకూ దీనికీ నలభై లీటర్ల తేడా కూడా లేదు. అంటే ట్యాంకరు నిండుగానే తెస్తున్నాడు, ట్యాంకరే నాలుగు వేలది. ఆయన కూడా పాతది కొన్నాడట, అమ్మినవారు ఐదు వేలని చెప్పారట. ఇక మీదట ట్యాంకరుకు కాకుండా లీటర్లకు డబ్బు అని ఇద్దరం ఒప్పుకున్నాము. సార్‌కు, మెకానిక్ అన్నకు చాలా కృతజ్ఞతలు.

లెక్కల సార్ జడ్చర్ల

మంచి ఒప్పందం. 800 రూపాయల ట్యాంకరు అనుకుందాం. ఐదు వేల లీటర్లైతే లీటరు 16 పైసలు, నాలుగు వేలైతే 20 పైసలు. ట్యాంకరు ధర వినగానే లీటరు ధర ఎంతో వేసుకుంటే ఇద్దరు ముగ్గురు అమ్మేవారిని పోల్చి చూడవచ్చు.

నల్లమల రైతు

మెకానిక్ అన్నా, మా నాన్న వేయించిన బోరు కాగితం పెట్టెలో దొరికింది. అందులో "గంటకు 1500 గ్యాలన్లు" అని ఉంది. ఇంటర్నెట్‌లో వెతికితే ఒకచోట గ్యాలను 3.785 లీటర్లని, ఇంకోచోట 4.546 లీటర్లని వస్తోంది. ఏది తీసుకోవాలి?

బోరు మెకానిక్ అచ్చంపేట

మన దగ్గరి పాత కాగితాల్లో గ్యాలను అంటే బ్రిటిష్ గ్యాలనే తమ్ముడూ. 1500ని 4.546తో గుణిస్తే గంటకు దాదాపు 6,820 లీటర్లు. ఇప్పుడు ఎంత వస్తోందో చూసుకో. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, మోటారు వేసి పదిహేను నిమిషాలైన తర్వాత, డ్రమ్ము నిండడానికి పట్టే సెకన్లు లెక్కపెట్టు. వెంటనే పట్టకూడదు, బోరులో నిలిచిన నీరు మొదట జోరుగా వస్తుంది. ఆ 200ను సెకన్లతో భాగించి 3,600తో గుణిస్తే గంటకు లీటర్లు. నిమిషంలో నిండితే గంటకు 12 వేల లీటర్లు, పాత లెక్కలో 2,640 గ్యాలన్లు.

బోరు వేసేటప్పుడు "ఒక అంగుళం నీళ్ళు పడ్డాయి, రెండంగుళాలు పడ్డాయి" అంటారు కదా, దాని గురించి కూడా చెప్పాలి. ఎందుకంటే ఆ మాట మీద లక్షల రూపాయలు ఖర్చు పెడుతున్నారు మన రైతులు. మూలమట్టపు కోణంతో కోసిన గాడి పలక మీదుగా నీటిని పారించి, గాడిలో నీరు ఎంత ఎత్తున పారుతుందో చూసి అంగుళాలు చెబుతారు. ఆ గాడి పైకి పోను పోను వెడల్పవుతుంది. అందువల్ల ఒక అంగుళానికి గంటకు 500 లీటర్ల చొప్పున వస్తే, రెండంగుళాలకు వెయ్యి కాదు, 2,900 దాకా వస్తుంది. ఐదున్నర రెట్లకు మించి. అలాగే రెండంగుళాలు కాస్తా ఒకటిన్నరకు పడిపోతే సగం కంటే ఎక్కువ నీరు పోయినట్టు. అర అంగుళమే తగ్గిందని ధైర్యంగా నాట్లు వేసి ఎండబెట్టుకున్నవారిని చూశాను. అంగుళాలు చెప్పినప్పుడు "గంటకు ఎన్ని లీటర్లు?" అని ఎదురు అడగండి. కొందరు పైపు నిండా పారే నీటిని కూడా అంగుళాలే అంటారు, అది వేరే లెక్క.

లెక్కల సార్ జడ్చర్ల

గ్యాలను రెండు రకాలు ఎందుకైందంటే, 1707లో ఇంగ్లండులో ద్రాక్షసారాకు 231 ఘనపుటంగుళాల గ్యాలను నిర్ణయించారు. అమెరికావారు దాన్నే పట్టుకున్నారు. ఇంగ్లండు మాత్రం 1824లో దాన్ని వదిలేసి, పది పౌన్ల నీరు పట్టేదాన్ని గ్యాలనుగా చేసింది. మనకు అంటింది ఆ రెండోది. అమెరికా వ్యవసాయ వీడియోల్లో గ్యాలనుకు ఇంత మందు అని చెప్తే 3.785 లీటర్లు అనుకోవాలి, మన పాత కాగితాల్లో 4.546. బ్రిటిష్ గ్యాలను అమెరికా గ్యాలనుకు 1.2 రెట్లు.

పాల పద్దులు కల్వకుర్తి

నేను మా ఊరి పాల సేకరణ పద్దులు రాస్తాను. ఈ చర్చ చూసి చాలా సంతోషమనిపించింది, ఎందుకంటే రోజూ నాకు ఎదురయ్యే తగాదా ఇదే. ఒక అక్క ఇంట్లో లీటరు కొలతతో పది లీటర్లు పోసుకుని వస్తుంది. ఇక్కడ కాంటా మీద 10.3 వస్తుంది. నేను పది లీటర్లని రాస్తే "కాంటా ఎక్కువ చూపించింది, నువ్వు తగ్గించి రాశావు" అంటుంది. నేను తగ్గించలేదు. పాలు నీటి కంటే బరువు. లీటరు పాలు 1.03 కిలోలు తూగుతాయి. కాంటా చూపించేది కిలోలు. కిలోలను 1.03తో భాగిస్తే లీటర్లు. 100 కిలోల పాలు 97 లీటర్లే.

ఇక్కడ మోసం ఎక్కడ జరగవచ్చో కూడా చెప్తాను. ధర లీటరుకని చెప్పి కాంటా కిలోలను భాగించి రాస్తే న్యాయం. ధర కిలోకని చెప్పి కూడా భాగించి రాస్తే పాలు పోసినవారికి నూటికి మూడు రూపాయలు పోయినట్టే. కాబట్టి చీటీ మీద ఉన్నది కిలోనా లీటరా, ధర దేనికి చెప్పారు, ఈ రెండూ ఒకటేనా అని చూసుకోండి. వెన్న శాతం కూడా బరువు మీదే లెక్క. ఆరు శాతం అంటే వంద కిలోల పాలల్లో ఆరు కిలోల వెన్న. వంద లీటర్లలో 6.18 కిలోలు.

కొలత పాత్రతో ముంచి పోసేచోట నురుగు గురించి జాగ్రత్త. పిండిన వెంటనే తెస్తే నురుగు పాత్రలో చోటు ఆక్రమిస్తుంది. కాసేపు ఆగితే అణుగుతుంది. కాంటాకు ఆ బాధ లేదు. నన్నడిగితే పాలు ఎప్పుడూ తూచే కొనాలి, తూచే అమ్మాలి.

కిరాణం మిర్యాలగూడ

పాలది ఒక తీరైతే నూనెది దానికి ఎదురు. నూనె నీటి కంటే తేలిక. లీటరు వేరుశెనగ నూనె సుమారు 910 గ్రాములే. కిలో నూనె దాదాపు 1,100 మిల్లీలీటర్లు. దుకాణంలో చిల్లరగా కిలో లెక్కన నూనె అడిగేవారు, లీటరు ప్యాకెట్టు కొనేవారు ఇద్దరూ వస్తారు. ధరలు పోల్చేటప్పుడు కిలో ధరను లీటరు ధర పక్కన నేరుగా పెట్టకూడదు. కిలో 165 రూపాయలు, లీటరు 155 అనుకోండి. లీటరుది చవకగా కనిపిస్తుంది. 155ను 0.91తో భాగిస్తే కిలో 170 పైన పడుతుంది. కిలోగా కొన్నదే లాభం.

ప్యాకెట్టు మీద లీటర్లు రాసి, పక్కనే ఫలానా వేడిమి దగ్గర అని చిన్న అక్షరాల్లో రాసే అలవాటు కొన్ని కంపెనీలకు ఉండేది. నూనె వేడికి వ్యాకోచిస్తుంది. లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములైతే 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే. 60 డిగ్రీల లెక్క వేసుకుంటే ప్యాకెట్టుకు 26 గ్రాముల నూనె మిగుల్చుకోవచ్చు. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దీన్ని ఆపమని, వేడిమి రాయకుండా పరిమాణాన్నీ బరువునూ సరిగ్గా ప్రకటించమని ఆదేశించింది. అందువల్ల కొనేవారికి నా సలహా ఒకటే. లీటర్లు చూడకండి, గ్రాములు చూడండి. గ్రాములు ఎండకు మారవు.

వంటిల్లు వనపర్తి

మా అత్తగారు పచ్చడికి, పిండివంటలకు ఇప్పటికీ గిద్ద, సోల, తవ్వ, మానిక లెక్కనే చెప్తారు. "ఆవపిండి సోలెడు, ఉప్పు సోలెడు, నూనె రెండు తవ్వలు" అని. నా దగ్గర ఉన్నది మిల్లీలీటర్ల గీతల కప్పు. వీటికి సరైన లెక్క ఎవరైనా చెప్పగలరా?

లెక్కల సార్ జడ్చర్ల

అమ్మా, లోపలి లెక్క తేలిక. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. మానికకు పదహారు గిద్దలన్నమాట. దాని పైన నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. పుట్టి తప్ప అన్నీ రెట్టింపులే కాబట్టి నోటిలెక్కకు బాగా ఒదిగాయి.

మిల్లీలీటర్లలోకి మార్చడానికి మాత్రం ఒకే అంకె పెట్టుకోవద్దు. ఈ కొలతలు ఊరు మారితే మారేవి. దేశమంతా ఒకే కొలత ఉండాలనే 1956లో మెట్రిక్ చట్టం తెచ్చారు. మీ అత్తగారి పాత్ర ఉంటే చాలు. వంటింటి కాంటా మీద ఖాళీ పాత్ర పెట్టి బరువు చూడండి, అంచు దాకా నీరు పోసి మళ్ళీ చూడండి. తేడా ఎన్ని గ్రాములో అన్ని మిల్లీలీటర్లు, నీటికి గ్రాముకు మిల్లీలీటరు కాబట్టి. సోల ఒక్కటి కొలిస్తే గిద్ద, తవ్వ, మానిక అన్నీ వాటంతట అవే తెలుస్తాయి.

వంటిల్లు వనపర్తి

ఇత్తడి సోల అటక మీద ఉంది సార్. దింపి తోమి కొలుస్తాను. ఉప్పు, ఆవపిండి కూడా అదే సోలతో పోసి, తూచి, గ్రాములు రాసిపెట్టుకుంటాను. అత్తగారి చేతి రుచి మా అమ్మాయి దాకా చేరాలి.

నర్సు నారాయణపేట

వంటింట్లో కాస్త తేడా వస్తే రుచి మారుతుంది. మందుల్లో తేడా వస్తే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి మూడు సంగతులు చెప్పాలి.

పిల్లల సిరప్పు మీద "5 మి.లీ." అని ఉంటే ఇంట్లో చెంచాతో పోయకండి. ఇళ్ళల్లో చెంచాలు ఒక్కోటి ఒక్కో పరిమాణంలో ఉంటాయి, రెండున్నర పట్టేవీ ఉన్నాయి, ఏడు పట్టేవీ ఉన్నాయి. సీసాతో వచ్చిన గీతల మూతనో, సూది లేని సిరంజినో వాడండి. సిరంజి మీద 'సీసీ' అని ఉన్నా భయపడకండి, సీసీ, మిల్లీలీటరు రెండూ ఒకటే.

రెండోది ఇంకా ముఖ్యం. ఒకే జ్వరం మందు చుక్కల సీసాగా వస్తుంది, సిరప్పుగా వస్తుంది. పారాసిటమాల్ చుక్కల మందులో మామూలుగా ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు ఉంటాయి. సిరప్పులో ఐదు మిల్లీలీటర్లకు 125 ఉన్నవి, 250 ఉన్నవి రెండు రకాలు దొరుకుతాయి. ఐదు మిల్లీలీటర్లు పోయమన్నది సిరప్పుకైతే, ఇంట్లో ఉన్న చుక్కల మందును ఐదు మిల్లీలీటర్లు పోస్తే 500 మిల్లీగ్రాములు పోతాయి. చంటిపిల్లకు అది చాలా ఎక్కువ. సీసా మారితే డాక్టరునో, మమ్మల్నో మళ్ళీ అడగండి.

మూడోది ఓఆర్‌ఎస్. పెద్ద పొట్లం లీటరు నీటికి. చిన్న పొట్లాలు కూడా ఉన్నాయి, అవి 200 మిల్లీలీటర్లకు. పొట్లం మీద చదివి కలపండి. పెద్ద పొట్లాన్ని ఒక గ్లాసులో కలిపి తాగిస్తే ఉప్పు ఎక్కువై బిడ్డకు హాని జరుగుతుంది. సగం పొట్లం, సగం లీటరు అని కూడా చేయకండి, పొడి సమానంగా విడిపోదు. కొలత పాత్ర లేకపోతే లీటరు మంచినీళ్ళ సీసా వాడండి, అది కొలత పాత్రే.

పత్తి రైతు గద్వాల

సిస్టర్ గారు మందు అనగానే నా సందేహం గుర్తొచ్చింది. మాది పురుగుమందు. సీసాతో వచ్చిన కాగితంలో హెక్టారుకు 500 మి.లీ., నీరు 500 లీటర్లు అని ఉంది. నా దగ్గర 16 లీటర్ల పిచికారీ పంపు. దుకాణంలో "పంపుకు రెండు మూతలు" అన్నారు. అసలు ఎంత పోయాలి?

లెక్కల సార్ జడ్చర్ల

హెక్టారుకు 2.47 ఎకరాలు. 500ను 2.47తో భాగిస్తే 202. అంటే ఎకరానికి 200 మి.లీ. మందు, 200 లీటర్ల నీరు. లీటరుకు ఒక మిల్లీలీటరు పడింది. మీ పంపుకు 16 మి.లీ. ఎకరానికి పన్నెండున్నర పంపులు.

హాలియా ఆయకట్టు

లెక్క సరే సార్, కానీ పొలంలో ఇంకో మెలిక ఉంది. పైరు చిన్నగా ఉన్నప్పుడు ఎకరానికి పన్నెండు పంపులు పట్టవు, ఏడెనిమిది చాలు. పైరు గుబురుగా ఎదిగినప్పుడు పదిహేను దాకా పడుతుంది. లీటరుకు ఇంత అనే లెక్కకే పోతే చిన్న పైరుకు మందు తక్కువ, పెద్ద పైరుకు ఎక్కువ. కాగితం మీద ఎకరాకు ఇంత అని ఉంటే మొత్తం మందు అంతే ఉండాలి, దాన్ని మీరు కొట్టే పంపులకు పంచుకోవాలి. ఎనిమిది పంపులు కొడితే పంపుకు 25 మి.లీ. అందుకని ముందు ఉత్త నీళ్ళతో ఒక పంపు కొట్టి ఎంత పొలం తడుస్తుందో చూసుకోండి. మందు కాగితమే "లీటరు నీటికి ఇంత" అని చెప్తే అప్పుడు లీటరు లెక్కకు పోవాలి. ఏ లెక్క అనేది కాగితం చెప్తుంది, చదవడం రాకపోతే వ్యవసాయ విస్తరణాధికారిని అడగండి.

మూత లెక్క అసలే వద్దు. ఒక కంపెనీ మూత పది పడితే ఇంకోదానిది ఇరవై పడుతుంది. గీతల కప్పు పది రూపాయలకు దొరుకుతుంది. ఆ కప్పును ఇంట్లోకి మాత్రం తీసుకుపోకూడదు.

పత్తి రైతు గద్వాల

ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. మా దగ్గర మోకాలెత్తు పైరే ఉంది, ఉత్త నీళ్ళతో కొట్టి చూసుకున్నాకే మందు కలుపుతాను.

మర్రిగూడ నీళ్ళు

మీరందరూ లీటర్ల మీద మాట్లాడుతుంటే మా ప్రాంతం సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను. మా దగ్గర నీటి పరీక్ష కాగితం మీద "లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడు" అని వస్తుంది. దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. జనం ఆ అంకె ఒక్కటే చూస్తారు. ఒంట్లోకి పోయేది ఆ అంకె కాదు, ఆ అంకెను తాగిన లీటర్లతో గుణించినది. ఎండలో కూలి చేసే మనిషి రోజుకు ఐదు లీటర్లు తాగుతాడు. 1.5 ఉన్న నీరైనా అతనికి 7.5 మిల్లీగ్రాములు పోతుంది. నీడలో కూర్చుని రెండు లీటర్లు తాగే మనిషికి 3 ఉన్న నీరైనా ఆరే. నల్లగొండ జిల్లాలో నడుములు వంగిపోయినవారిలో కాయకష్టం చేసినవారు ఎందుకు ఎక్కువ కనిపిస్తారని అడిగేవారు ఈ గుణకారం చేసి చూడాలి.

నీరు కాచి తాగితే పోతుందనే నమ్మకం కూడా తప్పు. ఐదు లీటర్లను కాచి నాలుగు చేస్తే నీరు ఆవిరైంది, ఫ్లోరైడు అలాగే ఉంది. 1.5 ఉన్నది 1.9 దగ్గరికి పోతుంది.

మన జిల్లా పేరుతోనే ఒక పద్ధతి ఉంది, నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన నల్లగొండ పద్ధతి. పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి తిప్పి, తేర్చి, పైనీరు తీసుకుంటారు. ఎంత పటిక వేయాలనేది లీటర్ల లెక్క, అదీ ఆ నీటి ఫ్లోరైడును, క్షారగుణాన్ని బట్టి మారుతుంది. బిందె ఎన్ని లీటర్లో తెలియకుండా పటిక వేయడం సరికాదు, ఎక్కువైతే అల్యూమినియం నీటిలో మిగులుతుంది. కృష్ణా నీళ్ళు నల్లాలో వస్తున్న ఇళ్ళు తాగడానికి, వంటకు అవే వాడాలని నా విన్నపం. బోరు నీళ్ళు రుచిగా ఉన్నాయని వాటికే పోతున్నవారు ఇప్పటికీ ఉన్నారు.

నర్సు నారాయణపేట

మర్రిగూడ అన్న చెప్పిన గుణకారం మా శిక్షణలో కూడా చెప్పాల్సిన విషయం. వంట నీటిని కూడా లెక్కలో కలపండి. అన్నం, పప్పు పీల్చుకునే నీటిలోని ఫ్లోరైడు కూడా కడుపులోకే పోతుంది.

హాలియా ఆయకట్టు

సార్, ఇంకొక్కటి అడుగుతాను. సాగర్ ఎడమ కాలువ కింద మాకు వారాబందీ, అంటే వంతులవారీగా నీరు వదిలే పద్ధతి, పెట్టారు. పేపర్లో టీఎంసీలు, క్యూసెక్కులు రాస్తారు. మా పొలానికి వచ్చేసరికి గంటలు. ఈ మూడింటినీ కలిపే లెక్క కావాలి. మాకు పిల్లకాలువలో అర క్యూసెక్కు వస్తుందని చెప్పారు. నాకు రెండెకరాల వరి ఉంది, రెండంగుళాల నీరు నిలబెట్టాలి.

లెక్కల సార్ జడ్చర్ల

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సెకనుకు 28.3 లీటర్లు. గంటకు సుమారు లక్షా రెండు వేల లీటర్లు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, 2,832 కోట్ల లీటర్లు. ఒక టీఎంసీ రావాలంటే 11,574 క్యూసెక్కులు రోజంతా పారాలి. ఎడమ కాలువను తల దగ్గర 11 వేల క్యూసెక్కులకు కట్టారు, అది నిండుగా పారితే రోజుకు టీఎంసీకి కాస్త తక్కువ. 590 అడుగుల దగ్గర సాగర్ నిండితే 312 టీఎంసీలు. మూసీ ప్రాజెక్టు 4.46, జూరాల 9.66. ఈ అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే పేపరు వార్త సులువుగా అర్థమవుతుంది. మనిషికి రోజుకు వంద లీటర్ల చొప్పున, ఆవిరి, ఇంకుడు వదిలేస్తే, ఒక టీఎంసీ ఏడున్నర లక్షల మందికి ఏడాదంతా సరిపోతుంది. అదే వరికైతే, పంట మొత్తానికి 1200 మిల్లీమీటర్ల నీరు అనుకుంటే, 5,800 ఎకరాలు.

ఇక మీ పొలం. ఎకరం 43,560 చదరపుటడుగులు. ఒక క్యూసెక్కు గంటసేపు పారితే 3,600 ఘనపుటడుగులు. ఎకరం మీద పరిస్తే దాదాపు సరిగ్గా ఒక అంగుళం. క్యూసెక్కు, గంట, ఎకరం, అంగుళం, నాలుగూ ఒక్కొక్కటే. ఇది గుర్తుంటే కాగితం అక్కర్లేదు. రెండెకరాలకు రెండంగుళాలంటే నాలుగు క్యూసెక్కు గంటలు. మీకు వచ్చేది అర క్యూసెక్కు కాబట్టి ఎనిమిది గంటలు.

హాలియా ఆయకట్టు

మాకు ఇచ్చిన వంతు ఆరు గంటలే. పైగా మాది పిల్లకాలువ చివర, మట్టి కాలువ. నీరు తూము దగ్గర వదిలిన గంటకు గానీ మా మడి ముఖం చూడదు.

లెక్కల సార్ జడ్చర్ల

అయితే మీకు నిజంగా చేరేది ఐదు గంటల నీరు, రెండున్నర క్యూసెక్కు గంటలు. రెండెకరాలకు అంగుళంపావు. దారిలో ఇంకేది వేరే. వచ్చే సమావేశంలో ఈ అంకెలు రాసి తీసుకుపోండి. వంతు గంటను తూము తీసినప్పటి నుంచి కాకుండా, నీరు మీ మడి గట్టుకు చేరినప్పటి నుంచి లెక్కించమని అడగండి. తల దగ్గరివారికి అలా లెక్కించినా నష్టం లేదు, వారికి నీరు నిమిషాల్లో అందుతుంది.

హాలియా ఆయకట్టు

రాసుకున్నాను సార్. శనివారం సమావేశం ఉంది. మా కాలువ చివరి నలుగురం కలిసి పోతున్నాము, కాలువలో పారే నీటిని ఆ రోజు పొద్దున మేమే కొలిచి, నిజంగా అర క్యూసెక్కు వస్తోందో లేదో చూసుకుని మరీ వెళ్తాము.